కడిగితే పోయేది, పోనిది

రెట్టింపు ధర పెట్టి సేంద్రియ కూరగాయలు కొనే బదులు మామూలు కూరగాయలనే ఉప్పు, పసుపు కలిపిన నీళ్లలో అరగంట నానబెట్టి కడుక్కుంటే సరిపోదా అని ఒక పాఠకురాలు అడిగారు. సేంద్రియ ఆహారం గురించి నేను విన్న ప్రశ్నలన్నింటిలోకి ఇది నాకు బాగా నచ్చిన ప్రశ్న. దీనికి జవాబు వెతకబోతే, కొట్టిన పురుగుమందు మొక్కలో ఎక్కడికి వెళ్లి ఎక్కడ నిలుస్తుందన్న అసలు విషయం దగ్గరకే చేరుకుంటాం.

పోషకాల సంగతి ముందే చెప్పేస్తాను. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2012లో రెండు వందలకు పైగా అధ్యయనాలను కలిపి పరిశీలించి, విటమిన్ల విషయంలో చెప్పుకోదగ్గ తేడా లేదన్నారు. 2014లో వెలువడిన మరో సమీక్ష 343 పరిశోధన పత్రాలను పరిశీలించి, సేంద్రియ పంటల్లో పాలీఫినాల్స్ అనే మేలుచేసే మొక్కల పదార్థాల వంటివి ఎక్కువని, కాడ్మియం అనే విషలోహం తక్కువని చెప్పింది. ఆ వాదన ఇంకా తెగలేదు. పురుగుమందు అవశేషాలు మామూలు పంటల్లోనే ఎక్కువగా కనిపిస్తాయన్న విషయంలో మాత్రం రెండింటిదీ ఒకే మాట. కాబట్టి మనం అదనంగా చెల్లించే ధర ప్రధానంగా ఆ అవశేషాలను తగ్గించుకోవడానికే.

ఇక అసలు విషయానికి వస్తే, ఆవకాయ జాడీని ఒకసారి గుర్తు తెచ్చుకోండి. నాలుగు రోజులు ఊరాక కారపు ఎరుపు, ఘాటు నూనెలోకి దిగుతాయి. ఉప్పు మాత్రం మామిడి ముక్క నుంచి వచ్చిన ఊటలో కరుగుతుంది, నూనె జోలికి పోదు. ప్రతి రసాయనానికీ నూనె, నీళ్ల మధ్య ఇలాంటి మొగ్గు ఒకటి ఉంటుంది. దానిని కొలవడానికి నూనె స్వభావం ఉన్న ఆక్టనాల్ అనే ద్రవాన్ని, నీటిని ఒకే పాత్రలో పోసి, రసాయనాన్ని వేసి బాగా కుదిపి, ఏ పొరలో ఎంత చేరిందో చూస్తారు. రసాయన శాస్త్రంలో వితరణ గుణకం అనే సంఖ్య ఇటువంటిదే. పాఠం చెప్పేటప్పుడు ఆవకాయ జాడీని చూపిస్తే విద్యార్థులు దానిని జీవితంలో మరచిపోరని నా నమ్మకం.

మన పొలాల్లో చిరకాలంగా వాడిన క్లోర్‌పైరిఫాస్ అనే పురుగుమందును ఇలా పరీక్షిస్తే, నీటి పొరలో ఒక పాలు ఉన్నచోట ఆక్టనాల్ పొరలో సుమారు 50,000 పాళ్లు ఉంటుంది. అంటే అది కారం జాతికి చెందినది. ఇమిడాక్లోప్రిడ్ అనే మరో పురుగుమందుకు ఆ నిష్పత్తి నాలుగు పాళ్ల లోపే. నీటితో కలిసి ప్రయాణించగల ఉప్పు జాతి అది. మొక్క ఆకును, కాయను కప్పి ఉంచే క్యూటికిల్ ఒక మైనపు పొర. తామరాకు మీద నీటిబొట్టు జారిపోయేది అటువంటి మైనం వల్లనే. కారం జాతి మందు ఆ మైనంలోకి ఇంకి అక్కడే ఉండిపోతుంది. ఆవకాయ కలిపిన చేతిని వట్టి నీళ్లతో ఎంత కడిగినా మంట తగ్గనట్లే, ఈ మందు కూడా వట్టి నీటికి పూర్తిగా లొంగదు. అయితే తొక్క తీస్తే చాలావరకు దానితోపాటే పోతుంది. ఉప్పు జాతి మందు పైన ఉన్నంతసేపు కడిగితే పోతుంది కానీ, ఒకసారి లోపలికి దిగిందంటే ముక్కకు పట్టిన ఉప్పు వంటిదే, పైపైన కడిగి దానిని తీయలేం. విత్తనానికి పట్టించినా, వేరు దగ్గర పోసినా అది నీటితోపాటు దారువు, అంటే మొక్కలో నీటిని మోసే నాళాల గుండా పైకి ఎక్కుతుంది. ఆకుల నుంచి నీరు ఆవిరైపోతుంది, మందు మిగిలిపోతుంది. ఉప్పుమడిలో జరిగేది కూడా ఇదే. అందుకే ఈ జాతి మందులు కాయలకన్నా ఆకుల్లో ఎక్కువగా చేరతాయి. మొక్క వాటిని విడగొట్టుకోవడానికి వ్యవధి కావాలి కనుకనే, మందు కొట్టిన తరువాత ఇన్ని రోజులు కోయరాదన్న నియమం ఉంది.

2017లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆపిల్ పండ్లకు రెండు మందులు పూసి, 24 గంటల తరువాత పరిశీలించారు. మొక్కలోకి చొచ్చుకుపోయే స్వభావం ఉన్న థయాబెండజోల్‌లో 20 శాతం పండు లోపలికి చేరగా, ఫాస్మెట్‌లో 4.4 శాతమే చేరింది. వంటసోడా నీళ్లు పావుగంట లోపే పైనున్న మందులో చాలా భాగాన్ని తొలగించాయి, ఎందుకంటే ఆ రెండు రసాయనాలూ వంటసోడా వంటి క్షారంలో విడిపోతాయి. లోపలికి చేరిన భాగాన్ని మాత్రం ఏ కడుగుడూ తీయలేకపోయింది. పసుపుకు పురుగుమందును విరిచే శక్తి ఉందన్నది ఆధారం లేని నమ్మకం.

పుచ్చు ఉన్న వంకాయకు మందు కొట్టలేదనుకోవడం కూడా అటువంటి నమ్మకమే. కాయతొలుచు పురుగు గుడ్డు నుంచి బయటపడిన కొద్దిసేపటికే కాయలోకి దూరుతుంది. పైన పడిన మందు దానికి తగలదు. రైతు మళ్లీ మళ్లీ కొట్టవలసి వస్తుంది. పుచ్చు వంకాయ మీద ఎక్కువ సార్లు మందు పడి ఉండవచ్చు.

సేంద్రియం అంటే మందే వేయరని అర్థం కాదన్నది కూడా చెప్పాలి. మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో మిశ్రమాన్ని అందులోనూ అనుమతిస్తారు. రాగి మూలకం కనుక విరిగిపోదు, నేలలో పేరుకుంటుంది. అయినా మొత్తం మీద ఫలితం కనిపిస్తుంది. అమెరికాలోని సియాటిల్‌లో 23 మంది పిల్లలకు అయిదు రోజులు సేంద్రియ ఆహారం పెట్టినప్పుడు, వారి మూత్రంలో మలాథియాన్, క్లోర్‌పైరిఫాస్ ఆనవాళ్లు వెంటనే దాదాపు కనిపించనంతగా తగ్గాయని 2006లో ప్రచురించారు. ఆ తగ్గుదల వల్ల వారి ఆరోగ్యం ఎంత మెరుగుపడిందన్నది ఆ పరిశోధన కొలిచిన విషయం కాదు. మన పళ్లెంలోకి వచ్చే మోతాదు సాధారణంగా చాలా చిన్నది. వీపున డబ్బా మోసి మందు కొట్టే మనిషికి తగిలేది దానికి ఎన్నో రెట్లు. అప్పటి ఖమ్మం జిల్లాలోని పునుకుల గ్రామ రైతులు రెండు దశాబ్దాల కిందట పురుగుమందులు మానేసి వేపగింజల కషాయానికి మారడం వల్ల, ఆ మోతాదు తప్పిన మేలు ముందుగా అందినది వారికే. నా డబ్బు ఆ మార్పుకు చేరుతుందన్న కారణంగానే, స్తోమత ఉన్న నెలల్లో నేను కొంటాను.

ఆ పాఠకురాలికి నా సలహా ఇది. అరటి, కొబ్బరి, ఉల్లి, పుచ్చకాయ వంటి తొక్క తీసి తినేవాటికి అదనపు ధర పెట్టకండి. కొత్తిమీర, పాలకూర, పచ్చిమిర్చి, ద్రాక్ష వంటి వాటిని, సేంద్రియ ధ్రువీకరణ గుర్తు చూసో, తెలిసిన రైతు దగ్గరో కొనండి. కరివేపాకును మాత్రం కొననే వద్దు. ఎండ తగిలే చోట ఒక కుండీ పెడితే ఇంటికి సరిపడా కాస్తుంది.