పొద్దున మేసిన గడ్డి

పిల్లలూ,

మీలో ఒకమ్మాయి రాసిన ఉత్తరం నాలుగు రోజులుగా నా బల్ల మీదే ఉంది. "తాతయ్యా, నాకు బైబిల్లోని 23వ కీర్తన చూడకుండా వచ్చు. గుక్క తిప్పుకోకుండా చెప్పగలను. కానీ చెప్పేటప్పుడు ఏమీ అనిపించదు. వాక్యాన్ని ధ్యానిస్తే విశ్వాసం బలపడుతుందని సండే స్కూల్లో చెప్పారు. కళ్లు మూసుకుని కూర్చున్నాను. రెండు నిమిషాలకే చెయ్యని హోంవర్కు, తమ్ముడు విరిచేసిన పెన్సిలు గుర్తొచ్చాయి. నాలో విశ్వాసం లేనట్టేనా?"

చివరి ప్రశ్న దగ్గర సిరా అలుక్కుపోయి ఉంది. చెయ్యి తగిలి అయినా కావచ్చు.

లేనట్టు కాదు తల్లీ. నిజంగా లేకపోతే నీకు ఈ దిగులే పుట్టదు. మార్కు సువార్త 9వ అధ్యాయంలో జబ్బుపడిన కొడుకును యేసు దగ్గరకు తెచ్చిన ఒక తండ్రి ఉన్నాడు. నమ్ముతున్నానని అంటూనే, ఆ నోటితోనే తన అపనమ్మకానికి సాయం చెయ్యమని వేడుకున్నాడు. ఆయన కొడుకు బాగుపడ్డాడు. ముందు నీ నమ్మకం సరిచేసుకుని రమ్మని యేసు ఆయన్ను వెనక్కి పంపలేదు.

ఇక ధ్యానం సంగతి. దీన్ని నాకు నేర్పింది పెద్ద పండితులెవరూ కాదు, మా ఇంటి ఆవు. నవ్వకండి, చెబుతాను.

నాకు తొమ్మిదేళ్లప్పుడు కంఠత వాక్యాల పోటీ పెట్టారు. నేను 119వ కీర్తన ఎంచుకున్నాను. బైబిల్లో అన్నిటికంటే పొడవైన అధ్యాయం అదే, 176 వచనాలు. కీర్తనలు రాసిన హెబ్రీ భాషలో 22 అక్షరాలుంటే, ఒక్కో అక్షరానికి ఎనిమిదేసి వచనాలు, ఆ ఎనిమిదీ ఆ అక్షరంతోనే మొదలవుతాయి. అప్పట్లో నాకు ఇవేవీ తెలియవు. పొడుగ్గా ఉంది కాబట్టి బహుమతి వస్తుందని తెలుసు, అంతే. 40 వచనాలు వడగళ్ల వానలా కురిపించి బహుమతి పట్టుకుని ఇంటికి పరుగెత్తుకొచ్చాను.

మా నాయనమ్మకు చదువు రాదు. ఎవరైనా చదివితే వినడమే. నా 40 వచనాలూ ఓపికగా విని, "అందులో నీకు నచ్చిన మాట ఒక్కటి చెప్పు నాన్నా" అంది. నేను నోరు తెరిచాను. ఒక్క మాటా రాలేదు. మొదటి నుంచీ అప్పజెప్పమంటే మళ్లీ 40 వచ్చేవి. మధ్యలోంచి ఒకటి తియ్యమంటే తీగ తెగినట్టయింది.

ఆమె నన్ను తిట్టలేదు. చెయ్యి పట్టుకుని పశువుల పాక దగ్గరకు తీసుకెళ్లింది. ఆవు పడుకుని ఉంది. నా అరచేతిని దాని మెడ కింద, ఎడమ పక్కన ఆనించి, "కదలకుండా ఉండు" అంది. ఆవు నములుతోంది. కింది దవడ పక్కకు వెళ్లి, చుట్టు తిరిగి వస్తోంది. కాసేపటికి మింగింది. దవడ ఆగింది. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టేంత నిశ్శబ్దం. తర్వాత నా చేతి కింద, చర్మం లోపల, ఒక ముద్ద కింది నుంచి పైకి సర్రున జారి వెళ్లింది. నేను ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి లాక్కున్నాను. దవడ మళ్లీ తిరగడం మొదలుపెట్టింది.

"ఇది పొద్దున మేసింది. ఇప్పుడు తింటోంది" అంది నాయనమ్మ.

అంతకు మించి ఏమీ చెప్పలేదు. నాకు ఇప్పటికీ ఆ అరచేతిలో ఆ ముద్ద కదలిక తెలుస్తూనే ఉంటుంది.

ఇప్పుడు నువ్వు గమనించవలసిన సంగతి ఒకటుంది తల్లీ. మేసేటప్పుడు ఆవు పెద్దగా నమలదు. పై దవడ ముందు భాగంలో దానికి పళ్లే ఉండవు. నాలుకతో గడ్డిని చుట్టి తెంపి, ఆదరాబాదరా మింగేస్తుంది. రుచి చూసే తీరిక ఉండదు. అది తప్పా? కాదు, అదే మేత. మింగింది లేకపోతే రాత్రికి నెమరు వెయ్యడానికి ఏముంటుంది? నువ్వు గుక్క తిప్పుకోకుండా నేర్చుకున్న 23వ కీర్తన అలాగే లోపలికి వెళ్లి కూర్చుంది. ఏమీ అనిపించలేదంటే వృథా అయిందని కాదు. ఇంకా పైకి రాలేదని అర్థం. బట్టీ పట్టడం పనికిరాదని ఈ మధ్య అందరూ అంటున్నారు. వాక్యాల విషయంలో మాత్రం నేను ఒప్పుకోను. పుస్తకం చేతిలో లేనప్పుడు, దీపం లేనప్పుడు, లోపల ఉన్నదే పైకి వస్తుంది.

ఇక హోంవర్కూ, పెన్సిలూ. అవి ఈగలు. ఈగలు ముసిరాయని ఆవు లేచి వాటి వెంట పరుగెత్తదు. తోక ఒకసారి విసురుతుంది, చెవి ఆడిస్తుంది, నెమరు మాత్రం ఆగదు. ఈగ మళ్లీ వస్తుంది, తోక మళ్లీ విసురుతుంది. నువ్వు కూడా అంతే, విరిగిన పెన్సిలు గుర్తొస్తే కోపగించుకోకుండా వాక్యం దగ్గరకు తిరిగి రా. పదిసార్లు పోతే పదిసార్లు రా. క్రైస్తవ ధ్యానమంటే మనసును ఖాళీ చేసుకోవడం కాదు కాబట్టి, ఖాళీ కాలేదని బెంగ వద్దు. నోట్లో ఒక ముద్ద ఉండాలి, అంతే.

ఒక్క హెచ్చరిక. ఆవు బెదిరితే నెమరు ఆపేస్తుంది, జబ్బు చేసినా ఆపేస్తుంది. ఆవు నెమరు వెయ్యడం లేదంటే పశువులున్న ఇంట్లో అందరికీ కంగారే. కాబట్టి గడియారం చూసుకుంటూ, తరుముకొస్తున్నట్టు ధ్యానం చెయ్యవద్దు. ఆవుకైతే రోజులో ఏడెనిమిది గంటలు నెమరుకే పోతాయి. కడుపులో నాలుగు అరలుంటాయి, మొదటి అరలో... సరే, ఆపుతాను. ఇలాగే వదిలేస్తే ఈ పోలికను తోక చివర దాకా లాక్కుపోతాను.

అయినా ఈ పోలిక నా సొంతం కాదు. 12వ శతాబ్దంలో ఆల్ప్స్ పర్వతాల్లోని ఒక మఠంలో రెండవ గిగో అనే సన్యాసి ఉండేవాడు. ఆయన కూడా ఒక స్నేహితుడికి ఉత్తరంలోనే రాశాడు: వాక్యం చదవడం ఆహారాన్ని నోట్లో పెట్టుకోవడం, ధ్యానించడం దాన్ని నమలడం, ప్రార్థన దాని రుచి అందుకోవడం. నాలుగో మెట్టు, దేవుని సన్నిధిలో ఊరకే ఉండడం, ఆ తీపి. నాలుగో మెట్టు గురించి నన్ను అడగకండి. దాని మీద నేను ఎక్కువసేపు నిలబడింది లేదు.

మొదటి కీర్తనలో "దివారాత్రము దానిని ధ్యానించువాడు ధన్యుడు" అని ఉంది కదా. అక్కడ హెబ్రీలో ఉన్న మాట "హగా". దానికి కళ్లు మూసుకోవడంతో సంబంధం లేదు, అది నోటితో చేసే పని. గొణుక్కోవడం, లోగొంతుతో చెప్పుకోవడం. అదే మాటను యెషయా ప్రవక్త 31వ అధ్యాయంలో, దొరికిన ఆహారం మీద నిలబడి గుర్రుమనే సింహానికి వాడాడు. 38వ అధ్యాయంలో మూలిగే గువ్వకు వాడాడు. ఈ సంగతి తెలిసిన రోజు నేను పుస్తకం మూసి చాలాసేపు కూర్చుండిపోయాను. మా నాయనమ్మ పని చేసుకుంటూ పొద్దంతా ఏదో ఒక వాక్యం సన్నగా గొణుక్కుంటూ ఉండేది. వయసు మీద పడి అలా చేస్తోందనుకునేవాణ్ణి. హెబ్రీ తెలియకుండానే ఆమె "హగా" చేస్తూ వచ్చిందన్నమాట.

ఎలా చెయ్యాలో చెబుతాను. చిన్నవాక్యం తీసుకోండి. "యెహోవా నా కాపరి నాకు లేమి కలుగదు." మీకు మాత్రమే వినపడేలా చెప్పుకోండి. ఒక్కోసారి ఒక్కో మాట మీద బరువు వెయ్యండి. యెహోవా నా కాపరి, ఇంకెవరో కాదు. యెహోవా *నా* కాపరి. లోకంలో ఇంతమంది ఉండగా ఈ కీర్తన రాసిన దావీదు "మా" అనలేదు, "నా" అన్నాడు. ఆ ఒక్క అక్షరం మీద ఒక వారం ఉండవచ్చు. యెహోవా నా *కాపరి*, యజమాని అనలేదు. తర్వాత ఆ వాక్యాన్నే ప్రార్థనగా తిప్పి ఆయనకు చెప్పండి. అంతే, లేచి ఆడుకోండి.

ఎన్ని వచనాలు అయ్యాయని మాత్రం లెక్క పెట్టవద్దు. మొదట రాసినప్పుడు ఆ అంకెలే లేవు. కొత్త నిబంధనలో మనమిప్పుడు చూసే వచన సంఖ్యలు 1551లో రాబర్ట్ ఎస్తియెన్ అనే ముద్రాపకుడు వేసినవి. వెతుక్కోవడానికి గుర్తులవి, మైలురాళ్లు కావు.

అలాగని గడ్డిపోచను వేరు నుంచి తెంపి గాల్లో ఊపవద్దు. "నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను" అని పరీక్ష రోజు పొద్దున చెప్పుకుని వెళ్లేవాళ్లు మీలో ఉన్నారు, నాకు తెలుసు. ఫిలిప్పీయులకు రాసిన పత్రికలో దాని పై వచనం కూడా చదవండి. అక్కడ పౌలు ఆకలి గురించీ, లేమి గురించీ మాట్లాడుతున్నాడు. రాస్తున్నది సంకెళ్లలో ఉండి. మొదటి ర్యాంకు ఊసు అక్కడ లేదు. ర్యాంకు రాకపోయినా నిలబడగలిగే బలం గురించి ఉంది.

విశ్వాసం ఇందువల్ల ఎలా బలపడుతుందని కదా అసలు ప్రశ్న. నాకు పూర్తిగా తెలియదు. గడ్డి పాలుగా ఎలా మారుతుందో ఆవును అడిగితే అదీ చెప్పలేదు. విత్తనం చల్లి నిద్రపోయిన రైతు గురించి యేసు చెప్పిన కథలో కూడా అది "వానికి తెలియని రీతిగా" మొలిచి పెరిగింది. యేసు తల్లి మరియ సంగతి చూడండి. పసికందు యేసును చూడ్డానికి గొర్రెల కాపరులు వచ్చి వెళ్లాక ఆమె ఎవరికీ ఏమీ వివరించలేదు. ఆ మాటలన్నీ హృదయంలో తలపోసుకుంటూ భద్రం చేసుకుంది.

నేను చెప్పగలిగింది ఇంతే. 23వ కీర్తన నాకు ఎనిమిదో ఏట వచ్చింది. ఎన్ని వందలసార్లు అప్పజెప్పానో లెక్క లేదు. 41వ ఏట ఒక రాత్రి, ఆసుపత్రి వరండాలో చెక్క బల్ల మీద కూర్చుని ఉన్నాను. లోపల మా అమ్మ. నర్సు వచ్చినప్పుడల్లా తలుపు కిర్రుమంటోంది. ప్రార్థన చేద్దామంటే మాటలు రాలేదు. అప్పుడు ఆ కీర్తన దానంతట అదే పైకి వచ్చింది. ఈసారి తొందర లేదు. ఒక్కో మాటా మెల్లగా వచ్చింది. "పచ్చికగల చోట్ల ఆయన నన్ను పరుండజేయుచున్నాడు" దగ్గర ఆగాను. గొర్రె కూడా నెమరు వేసే జంతువే కదా! కడుపు నిండి, భయం తీరాక పచ్చిక మీద పడుకున్న గొర్రె ఏం చేస్తూ ఉంటుంది? ముప్పై మూడేళ్లుగా ఆ గొర్రె నా కళ్ల ముందు పడుకునే ఉంది. దాని దవడ కదులుతోందని ఆ రాత్రే చూశాను.

ఆ తర్వాత 4వ వచనం వచ్చింది, గాఢాంధకారపు లోయ. అక్కడ ఒక చిన్న మాట మారుతుంది. అంతవరకూ దావీదు కాపరి గురించి ఒక విధంగా మాట్లాడుతున్నాడు. లోయలో అడుగు పెట్టేసరికి విధం మారింది. రెండే అక్షరాల మాట. అది కనబడ్డాక నేను లేచి తలుపు తోసుకుని లోపలికి వెళ్లి, అమ్మ చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

ఆ మాటేమిటో చెప్పను. ఇవాళ రాత్రి దీపం ఆర్పాక, కీర్తన మొదటి నుంచి మెల్లగా, లోగొంతుతో చెప్పుకుంటూ వెళ్లండి. 3వ వచనం అయ్యాక ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టి, అప్పుడు 4వ దానిలోకి వెళ్లండి. దొరికినవాళ్లు నాకు ఉత్తరం రాయండి.

మీ తాతయ్య