గేటుకు తెలిసేది లోతే

విజయవాడ

చిరంజీవులైన మనవలకు, మనవరాళ్లకు తాతయ్య ఆశీస్సులు.

దసరా సెలవుల్లో ప్రకాశం బ్యారేజీ మీద నిలబడి, "ఇంత దూరం నిండిన నదంతా ఈ గేట్లను నెడుతుంటే ఇవి విరిగిపోవా తాతయ్యా?" అని మీరు అడిగారు. బండ్ల రొదలో నా జవాబు సగంలోనే ఆగిపోయింది. మంచి ప్రశ్న అది, తీరిగ్గా చెప్పదగినది.

ముందు బలం వేరు, పీడనం వేరు అని గ్రహించాలి. ఐదు కిలోల బియ్యాన్ని పలుచని ప్లాస్టిక్ సంచిలో మోసుకొస్తే వేళ్ల మీద ఎర్రగా గాడి పడుతుంది. సంచి పిడికి తుండుగుడ్డ మడిచి చుడితే ఆ నొప్పి ఉండదు. బరువు తగ్గలేదు, అది ఆనే చోటు పెరిగింది. బలాన్ని అది పడిన వైశాల్యంతో భాగిస్తే వచ్చేదే పీడనం. తల మీద బరువు మోసేవారు చుట్టకుదురు పెట్టుకునేది ఇందుకే.

బియ్యం సంచి కిందికే నొక్కుతుంది. నీరు అలా కాదు. దానికి సొంత ఆకారం లేదు కనుక, పై నీటి బరువుకు కింది నీరు పక్కలకు జారబోయి, అడ్డువచ్చిన గోడను నెడుతుంది. పైకి కూడా నెడుతుంది. ఆ పీడనం నీటి మట్టం నుంచి ఎంత లోతున ఉన్నామన్న దాన్ని బట్టే ఉంటుంది: మీటరు లోతుకు ప్రతి చదరపు సెంటీమీటరు మీద 100 గ్రాముల బరువంత. వెనక నీరు ఎంత దూరం పరుచుకుందన్నది లెక్కలోకి రాదు, ఎందుకంటే దూరాన ఉన్న నీటి బరువును దాని కిందనున్న నది అడుగే మోస్తున్నది. గేటుకు ఆనించి అంతే లోతున్న ఇరుకు తొట్టి కట్టి నింపినా, గేటు మీద పడే బలం మారదు. అలాగని అది తక్కువేమీ కాదు. 40 అడుగుల వెడల్పున, 12 అడుగుల లోతు నీటిని ఆపే గేటు మీద సుమారు 80 టన్నుల బరువంత బలం పడుతుంది; అందులో నాలుగింట మూడు వంతులు గేటు కింది సగం మీదే. ఇది నిలిచిన నీటి లెక్క; వరద తాకిడి వేరు.

నమ్మకం కుదరకపోతే ప్లాస్టిక్ సీసాకు నిలువునా మూడు రంధ్రాలు చేసి, నీళ్లు నింపి, మూత తీసి చూడండి. సీసాను నేల మీద పెట్టకండి. అడుగు ధార దూరం పోకముందే నేలను తాకి మిమ్మల్ని తికమక పెడుతుంది. ఎత్తయిన పిట్టగోడ అంచున పెడితే, అన్నిటికన్నా కింది ధారే దూరంగా పడుతుంది.

ఇక గాలి. దాని అణువులు నిరంతరం తిరుగుతూ ఎదురైన ప్రతిదాన్నీ కొడుతుంటాయి. లెక్కలేనన్ని ఆ దెబ్బల మొత్తమే వాయు పీడనం. మనం గాలి సముద్రం అడుగున బతుకుతున్నామని ఇటలీకి చెందిన టోరిచెల్లి 1644లో ఒక ఉత్తరంలో రాశాడు. ఆ గాలి ప్రతి చదరపు సెంటీమీటరు మీద దాదాపు కిలో బరువంత నొక్కుతుంది. అంటే పది మీటర్ల లోతు నీటితో సమానం.

గుంటూరు వైపు మా పొలం బావిలో వేసవికి నీళ్లు అడుగంటితే, గట్టు మీది మోటారు ఎంత తిరిగినా చుక్క రాలేదు. మోటారు నీళ్లను లాగుతుందని అప్పట్లో నేననుకునేవాణ్ణి. నిజానికి అది గొట్టంలో పీడనాన్ని తగ్గిస్తుందంతే. బావి నీటిని నొక్కుతున్న బయటి గాలే ఆ నీటిని గొట్టంలోకి ఎక్కిస్తుంది. పది మీటర్లకు మించి ఎక్కించే శక్తి గాలికి లేదు. వాడకంలో ఏడెనిమిది మీటర్లకే ఆగిపోతుంది. అందుకే మా నాన్నగారు బావి లోపల అరుగు కట్టించి, మోటారును నీటి దగ్గరికి దింపించారు. ఆ సాయంత్రానికి మళ్లీ నీళ్లు పారాయి.

మీ
తాతయ్య