టెన్షన్ ఎంతుందని ఫోన్ అడిగితే

"పోయిన వారం మీకు టెన్షన్ ఎంత?" అని అడిగితే మనం చెప్పేది వారం సంగతి కాదు, గుర్తుండిపోయిన ఒకటి రెండు గొడవల సంగతి. అందుకే 1970లలో మనస్తత్వవేత్త మిహాయ్ చిక్సెంట్‌మిహాయ్ బృందం జనానికి పేజర్లిచ్చి, రోజులో ఎప్పుడు పడితే అప్పుడు మోగించి, ఆ నిమిషంలో ఏం చేస్తున్నారో, మనసెలా ఉందో రాయించింది. ఇప్పుడా పని ఫోన్ చేస్తోంది. అయితే మోగిన ప్రతిసారీ జవాబు రావాలిగా!

కాగితం డైరీలప్పుడు ఈ చిక్కు బయటపడేదే కాదు. ఆర్థర్ స్టోన్ అనే మరో మనస్తత్వవేత్త బృందం దీర్ఘకాలిక నొప్పులున్నవాళ్లకు డైరీలిచ్చి, అవి ఎప్పుడు తెరిచారో పసిగట్టే సెన్సర్ లోపల దాచింది. 2002లో వచ్చిన ఫలితం: టైముకే రాశామని కాగితం మీద ఉన్నది 90 శాతం, నిజంగా రాసింది 11 శాతం. ప్రాక్టికల్స్ ముందు రాత్రి రికార్డు మొత్తం రాసేసిన వాళ్లం, మనకిందులో వింతేముంది?

ఫోన్‌లో ఆ పప్పులుడకవు, టైము దానంతటదే పడిపోతుంది. 2023లో ఇలా రోజూ అడిగి రాబట్టిన 477 పరిశోధన పత్రాలు కలిపి చూస్తే సగటున 79 శాతం జవాబులు వచ్చాయి. బాగానే ఉందనిపిస్తుంది కానీ, నాకు అనుమానమంతా ఆ రాని 21 మీదే. సీజన్‌లో గుంటూరు మిర్చి యార్డులో రేటు తెగే టైముకి ఫోన్ మోగితే ఎవరు చూస్తారు? సాయంత్రం బెంజ్ సర్కిల్ దగ్గర బండి మీదున్నవాడు? భోంచేసి తీరిగ్గా కూర్చున్నాక మోగితే మాత్రం టకటకా నొక్కేస్తారు. చివరికి సగటు తీస్తే యార్డు జనమంత ప్రశాంతంగా ఎవరూ లేరని తేలుతుంది! ఖాళీలు సరిగ్గా టెన్షన్ ఉన్నచోటే పడితే, ఎంతమందిని చేర్చుకున్నా ఆ లెక్క సరికాదు.

డబ్బులిస్తే జవాబులు పెరుగుతాయి, నిజమే. డబ్బు కోసం చదవకుండా ప్రతి ప్రశ్నకీ 4, 4, 4 అని నొక్కుకుంటూ పోయేవాళ్లను ఏంచేయాలో వేరే తలనొప్పి. బెల్జియంలో విద్యార్థుల మీద చేసిన ఒక ప్రయోగంలో రోజుకు 3 సార్లు అడిగారా, 9 సార్లు అడిగారా అన్నదానికన్నా, ఒక్కోసారి 30 ప్రశ్నలా 60 ప్రశ్నలా అన్నదే ఎక్కువ విసుగు తెప్పించింది. పెద్ద ఫారం ఇచ్చినప్పుడు జవాబులూ తగ్గాయి, శ్రద్ధా తగ్గింది.

మరి విజయవాడ ఇంటర్ హాస్టళ్ల పిల్లల సంగతి? వాళ్ల టెన్షన్ కొలవడం అందరికన్నా ముందు కావాలి, కానీ చాలాచోట్ల చేతిలో ఫోనే ఉండనివ్వరు. ప్రశ్నలు తప్ప ఇంకేమీ లేని చిన్న పరికరం ఇవ్వొచ్చు. స్టడీ అవర్‌లో అది మోగిందంటే పిల్లాడికన్నా ముందు వార్డెన్ లేస్తాడు.