సముద్రపు జూదశాలలో పోకర్‌కి మూల బల్లే ఎందుకు?

ప్రయాణంలో ఏ సముద్రతీరపు క్యాసినోకి వెళ్లినా గుమ్మంలోనే స్లాట్ మెషిన్లు ఎదురవుతాయి, నడిహాల్లో రూలెట్ చక్రం తిరుగుతుంటుంది. పోకర్ అనే పేకాట బల్ల మాత్రం ఎక్కడుందో తరచుగా అడిగి తెలుసుకోవాలి. పైగా తగినంతమంది పేర్లు రాయించుకునేదాకా ఆట మొదలవదు. దీని వెనక ఉన్నది పాత లెక్కే.

1848లో మెంటన్, రోక్‌బ్రూన్ ఊళ్లు ఫ్రాన్స్ పక్కనున్న చిన్న తీర రాజ్యం మొనాకో మీద తిరగబడి విడిపోయాయి. 1861లో ఫ్రాన్స్‌లో కలిసిపోయాయి. రాజ్యంలో చాలా భాగం, దాంతోపాటే రాబడీ పోయి, రాజుగారికి ఒక కొండగుట్ట, కాస్త తీరం మిగిలాయి. జర్మనీలోని హోంబుర్గ్‌లో జూదశాల నడిపి చేయి తిరిగిన ఫ్రాన్స్వా బ్లాంక్ 1863లో ఇక్కడి జూదశాల పగ్గాలు పట్టాడు. ఆయన కంపెనీ పేరుకి అర్థం ‘సముద్ర స్నానాల సంఘం’. స్నానాలు పేరుకే, సొమ్మంతా జూదానిది! ఫ్రాన్స్ తన జూదగృహాలను 1837 చివర్లోనే మూయించింది కాబట్టి అక్కడి ధనవంతులకి ఇది చేరువ దారి అయింది. 1868లో రైలు కూడా వచ్చింది. మరుసటి ఏడాది మొనాకో తన పౌరులకు ప్రత్యక్ష పన్నులు ఎత్తేసింది, ఆ పౌరులను ఆడనివ్వలేదు కూడా. పోగొట్టుకునేవాడు పరాయివాడై ఉండాలి, పోగొట్టుకున్నాక రైలెక్కి వెళ్లిపోవాలి. తర్వాత ఫ్రాన్స్ కూడా 1907 చట్టంతో సముద్రతీర విహార పట్టణాలకు, ఆరోగ్య స్నానాల ఊళ్లకు క్యాసినోలను అనుమతించింది.

ఈ ఏర్పాటులో పోకర్ ఇమడదు. రూలెట్‌లో 37 గడులుంటాయి, ఒక అంకె మీద గెలిస్తే కాసిన పందెం కాక ఇచ్చేది 35 రెట్లు. అంటే పందెం కాసిన ప్రతి 100లో సగటున 2.7 ఇంటికే, అంటే క్యాసినోకే. పోకర్‌లో ఇల్లు ఆడదు. ఆటగాళ్లు ఒకరి డబ్బు ఒకరు గెలుచుకుంటారు, ఇంటికి దక్కేది పందెపు కుప్పలోంచి తీసే చిన్న కోత, కొన్నిచోట్ల కూర్చున్న గంటలకు రుసుము. మిసిసిపీ ఆవిరి పడవల్లో పెరిగిన ఆట కదా, అదీ ప్రయాణికుల ఆటే. కాకపోతే అక్కడ ప్రయాణికుణ్ణి దోచింది పక్క ప్రయాణికుడు!

అమెరికాలోనూ ఇదే తంతు. 1976లో న్యూజెర్సీ ఓటర్లు సముద్రతీరపు ఊరు అట్లాంటిక్ సిటీ ఒక్కదానికే క్యాసినోలు అనుమతించారు. తొలి క్యాసినో 1978లో తెరుచుకుంది. పోకర్‌కి అనుమతి దొరికింది 1993లో, అంటే 15 ఏళ్ల తర్వాత. నా అంచనాలో, దానికోసం తొందరపడాల్సిన అవసరం యజమానులకి లేకపోయింది.

2003లో లెక్క మారింది. ఆన్‌లైన్ పోటీలో గెలిచి అర్హత సంపాదించిన క్రిస్ మనీమేకర్, ఎడారి నగరం లాస్ వెగాస్‌లో పోకర్ వరల్డ్ సిరీస్ ప్రధాన పోటీ నెగ్గి 25 లక్షల డాలర్లు పట్టుకెళ్లాడు. ఆ ఊపులో 2004లో ఊరూరా జరిగే పోటీల వరుస యూరోపియన్ పోకర్ టూర్ బార్సిలోనాలో మొదలైంది. తొలి సీజన్‌లోనే, 2005లో, ఫ్రాన్స్ తీరంలోని డోవిల్, మొనాకోలోని మాంటే కార్లో కూడా దాని మజిలీలయ్యాయి. పోటీకి వచ్చినవాళ్లు రోజుల తరబడి ఉంటారు, గదులు తీసుకుంటారు, ఓడిన రాత్రి రూలెట్ దగ్గరికీ వెళతారు. పైగా డోవిల్ పోటీ జరిగింది చలికాలంలో, స్నానాలకి ఎవరూ రాని రోజుల్లో. కోత చిన్నదైనా ఖాళీ గదులు నిండితే చాలదూ? పోటీల వారంలో హాలంతా పోకర్ బల్లలే కావచ్చు. అది ముగిశాక మళ్లీ మూల బల్లే, మళ్లీ పేరు రాయించుకుని ఎదురుచూడ్డమే.