తుంటి మార్పిడి తర్వాత రక్తపు గడ్డ: అందరికీ డాప్లర్ ఎందుకు తీయరు?

ఆధునిక తుంటి మార్పిడికి 1962లో ఇంగ్లండ్‌లోని రైటింగ్టన్ ఆసుపత్రిలో జాన్ చార్న్‌లీ దారి వేశారు. 1977లో వెలువడిన అక్కడి దాదాపు 8 వేల ఆపరేషన్ల లెక్క ప్రకారం, కాలి సిరలో కట్టిన గడ్డ ఊపిరితిత్తుల్లో చేరి చనిపోయినవారు సుమారు నూటికి ఒకరు. కారణం ఆపరేషన్‌లోనే ఉంది. కీలు తప్పించి కాలు మెలితిప్పినప్పుడు తొడలోని పెద్ద సిర మడతపడుతుంది. ఎముక లోపల తొలిచినప్పుడు మజ్జ రక్తంలో కలిసి గడ్డకట్టడాన్ని రేపుతుంది.

పట్టుకోవడమే కష్టమైంది. పాదం పైకి వంచి పిక్క నొప్పి చూసే హోమన్స్ పరీక్ష గడ్డ ఉన్నా లేకున్నా ఒకేలా పలుకుతుంది. గడ్డలో పోగయ్యే ఫైబ్రినోజెన్ అనే ప్రొటీన్‌ను రేడియోధార్మికంగా మార్చి రక్తంలోకి ఎక్కించి చూసే పరీక్ష పిక్క వరకు సరే. తుంటి దగ్గర కోత గాయమే ఆ పదార్థాన్ని పీల్చేసేది. పాదం సిరలో మందు ఎక్కించి ఎక్స్‌రే తీసే వీనోగ్రఫీ కచ్చితమైనదే, కానీ కొత్త చిక్కు తెచ్చింది. నివారణ మందు లేనివారిలో దాదాపు సగం మందికి గడ్డలు కనబడ్డాయి. వాళ్లలో చాలామందికి ఏ బాధా లేదు!

తర్వాత డాప్లర్ అల్ట్రాసౌండ్ వచ్చింది. ప్రోబ్‌తో నొక్కితే సిర అణగాలి. అణగలేదంటే లోపల గడ్డ ఉన్నట్టు. సూది పోటు లేదు కనుక డిశ్చార్జికి ముందు అందరికీ తీద్దామనుకున్నారు. 1997లో కెనడాలో కీళ్ల మార్పిడి అయిన వెయ్యిమందికి పైగా రోగుల్లో కొందరికి నిజం స్కాన్, మిగతావారికి ఉత్తుత్తి స్కాన్ చేసి చూస్తే, ఆ తర్వాత వచ్చిన గడ్డల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఎందుకో మరుసటి ఏడాది కాలిఫోర్నియా లెక్కలు చెప్పాయి: తుంటి రోగుల్లో బయటపడిన గడ్డల్లో 76 శాతం ఇంటికెళ్లాకే, మధ్యస్థంగా 17వ రోజున. నాలుగో రోజు స్కాన్ శుభ్రంగా ఉంటే మూడో వారానికి భరోసా ఏముంది? 2011లో అమెరికా ఎముకల సర్జన్ల అకాడమీ రొటీన్ స్కాన్ వద్దంది. భారం నివారణ మందుపై పడింది: రివరాక్సబాన్ అయితే రోజుకు 10 మి.గ్రా. చొప్పున 35 రోజులు.

ఇప్పుడు అనుమానం ఉన్నవారికే పరీక్ష. ‘ఆపరేషన్ కాలు కదా, వాపు మామూలే’ అనే మాట దగ్గరే ఎక్కువగా ఆలస్యమవుతుంది. మోకాలి చిప్ప కింది ఎముక గుబ్బకు 10 సెం.మీ. దిగువన రెండు పిక్కలూ టేపుతో కొలవాలి, 3 సెం.మీ. మించి తేడా ఉంటే గడ్డ ఉండే అవకాశాన్ని లక్షణాలతో అంచనా వేసే వెల్స్ స్కోరులో ఒక పాయింటు. గడ్డ కరిగినప్పుడు వచ్చే ముక్కలను కొలిచే డి-డైమర్ రక్తపరీక్ష ఇక్కడ పెద్దగా అక్కరకు రాదు, గాయం వల్లే అది వారాల తరబడి పెరిగి ఉంటుంది. తొడ సిరలు బాగున్నాయని స్కాన్ చెప్పినా అనుమానం తీరకపోతే వారానికి మళ్లీ తీయాలి. కటి సిరలను నొక్కి చూడలేం కాబట్టి అక్కడ సీటీ వీనోగ్రఫీ కావాలి. హఠాత్తుగా ఆయాసం, ఛాతీ నొప్పి వస్తే కాలి స్కాన్ కోసం ఆగకుండా నేరుగా ఎమర్జెన్సీకి, ఊపిరితిత్తుల రక్తనాళాలను చూపే సీటీ పల్మనరీ యాంజియోగ్రామ్‌కు వెళ్లాలి.