పాత చెక్క కిటికీలు పీకి పారేసే ముందు: కొన్ని అపోహలు - వాస్తవాలు

మా నాన్న వడ్రంగి, నేనూ వడ్రంగినే. కొత్త ఇళ్ల తలుపుల పని కంటే పాత ఇళ్ల కిటికీలు బాగుచేసే పనే నాకు ఎక్కువ దొరుకుతుంది, అదే నాకు ఇష్టం కూడా. మా గోదావరి జిల్లాల్లో మండువా లోగిళ్ళు, పెంకుటిళ్ళు, 60, 70 ఏళ్ల నాటి డాబాలు ఇంకా చాలానే నిలబడి ఉన్నాయి. ఒకప్పుడు ఏజెన్సీ అడవుల్లో కొట్టిన టేకు దుంగల్ని తెప్పలు కట్టి గోదావరి మీద రాజమండ్రి దాకా తెచ్చేవారు. రంగూన్ నుంచి ఓడల్లో బర్మా టేకు కూడా దిగేది. ఆ కాలం కిటికీ రెక్కను చిత్రిక పడితే ఇప్పటికీ టేకు వాసన వస్తుంది. అలాంటి రెక్కల్ని ట్రాక్టర్‌లో వేసి పంపించేస్తుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది. ఇంటివాళ్లకి ఎవరో ఒకరు చెప్పిన తప్పు మాటే చాలాసార్లు దానికి కారణం. అలా నా చెవిన తరచూ పడే మాటలు ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: కింద పుచ్చిపోయింది కాబట్టి కిటికీ మొత్తం మార్చాల్సిందే.

వాస్తవం: నేను చూసిన కిటికీల్లో ఎక్కువ భాగం పాడయ్యేది కింది జానెడే. చట్రం అడుగు చెక్క, రెక్క కింది అడ్డచెక్క, నిలువు చెక్కల కొసలు. పై భాగం గట్టిగానే ఉంటుంది. కారణం నీళ్లు. చెక్కలో తేమ 20 శాతం లోపు ఉన్నంతకాలం కుళ్ళు పట్టదు. వాన నీళ్లు జారి ఎక్కడ ఆగితే అక్కడ మెత్తబడుతుంది, అవి ఆగేది కిందే.

ముందు ఒక స్క్రూడ్రైవర్ తీసుకుని కింది నుంచి పైకి రెండేసి అంగుళాలకు ఒకసారి గుచ్చి చూడండి. మొన సులువుగా దిగిపోయిన చోటు వరకే జబ్బు. గట్టిగా ఆపిన చోటు నుంచి చెక్క ఆరోగ్యంగా ఉన్నట్టే. అక్కడ సుద్దతో గీత గీస్తే, నాలుగడుగుల కిటికీలో పాడైంది ఎంతో మీకే కనబడుతుంది.

బాగుచేసే పద్ధతి ఇలా ఉంటుంది. రెక్కను బందుల నుంచి ఊడదీసి బల్ల మీద పడుకోబెడతాం. పాత పనిలో అతుకుల్లో మేకులు ఉండవు. ఒక చెక్క కొసను సన్నగా చెక్కి, రెండో చెక్క బెజ్జంలోకి దించి, అడ్డంగా వెదురు శీల కొట్టి ఉంటారు. ఆ శీలను వెనక నుంచి తడితే ఊడి వస్తుంది. పుచ్చిన కొసను అడ్డంగా తెగ్గోయకూడదు, ఏటవాలుగా కోయాలి. ఆ వాలు పొడవు చెక్క మందానికి కనీసం నాలుగు రెట్లు ఉండేలా నేను చూసుకుంటాను. జిగురు పట్టే చోటు ఎంత ఎక్కువైతే అతుకు అంత గట్టిగా నిలుస్తుంది. వాలు బయటివైపు దిగేలా ఉండాలి, లేకపోతే అతుకే నీళ్లు పట్టే గిన్నె అవుతుంది. కొత్త ముక్క కూడా పాత టేకే కావాలి, దాని నారలు పాత చెక్క నారల వరసలోనే నడవాలి. పాత కలప అడితీల్లో కూలగొట్టిన ఇళ్ల దూలాలు దొరుకుతాయి, అలాంటి పనికి అవే వాడతాను. టేకులో సహజంగా నూనె ఉంటుంది కాబట్టి, అతికించే ముందు రెండు ముఖాలనీ థిన్నర్ గుడ్డతో తుడిచి వెంటనే జిగురు పెట్టాలి. మామూలు తెల్ల జిగురు వాన తగిలే చోట నిలవదు. నీళ్లకు తట్టుకునే రకమో, ఎపాక్సీయో తీసుకోండి.

ఇదంతా చేసి నీళ్లు ఆగే కారణాన్ని వదిలేస్తే మళ్లీ అదే చోట పుచ్చుతుంది. చట్రం అడుగు చెక్క బయటికి వాలుగా ఉందా, దాని కింది ముఖాన సన్నటి గాడి ఉందా అన్నది చూడండి. చెక్క అంచు దాటిన నీటి బొట్టు కింది ముఖాన్ని అంటుకుని గోడ వైపు పాకుతుంది. గాడి ఉంటే అక్కడితో ఆగి కింద పడిపోతుంది. చాలా కిటికీల్లో ఆ గాడి ఉంటుంది. ఏళ్ల తరబడి వేసిన రంగులు, సిమెంటు దాన్ని పూడ్చేసి ఉంటాయి. ఒక మేకు మొనతో దాన్ని గీకి తెరవండి. పది నిమిషాల పని, దానికి మేస్త్రి కూడా అక్కర్లేదు.

అపోహ: వానాకాలంలో రెక్క బిగిసిపోతే చిత్రిక పట్టించాలి.

వాస్తవం: ఈ తప్పు నేనే చేశాను. అప్పుడు నాకు 22 ఏళ్లు. శ్రావణ మాసం, ముసురు. ఒక పెద్దావిడ కబురు పెట్టారు. "కిటికీ వేసుకోవడం లేదు బాబూ, జల్లంతా మంచం మీదకి కొడుతోంది" అన్నారు. రెక్క ఊడదీసి రెండు నూళ్లు, అంటే పావంగుళం, చిత్రిక పట్టేశాను. చక్కగా పడింది, ఆవిడ సంతోషంగా డబ్బులిచ్చారు. వైశాఖంలో మళ్లీ పిలిచారు. కిటికీ మూసి చూపించారు. రెండు రెక్కల మధ్య నిలువునా వెలుతురు గీత, అందులోంచి వడగాలి. ఆవిడ ఒక్క మాట అనలేదు, దాంతో నాకు ఇంకా బాధ అనిపించింది. డబ్బులు తీసుకోకుండా సన్నటి టేకు పట్టీ అతికించి వచ్చాను.

చెక్క తేమ పీల్చుకుని అడ్డంగా ఉబ్బుతుంది, ఎండకు అడ్డంగానే తగ్గుతుంది. నిలువున మాత్రం దాదాపు మారదు. అంటే ముసుర్లో ఉన్న కొలత ఆ చెక్క అసలు కొలత కాదు. వానల్లో బిగిస్తే ముందు బందుల స్క్రూలు చూడండి. సగం సందర్భాల్లో రెక్క ఉబ్బి ఉండదు, పై బందు వదులై ఒక పక్కకి ఒరిగి ఉంటుంది. స్క్రూ బెజ్జం పెద్దదైపోతే వెదురు పుల్లను జిగురులో ముంచి బెజ్జంలో దిగ్గొట్టి, పైన సమంగా కోసేసి, స్క్రూ మళ్లీ బిగించండి. బందు గట్టిగానే ఉండి రెక్క రాసుకుంటుంటే, అంచుకి సుద్ద పూసి ఒకసారి మూసి తెరవండి. సుద్ద చెరిగిన చోటే రాసుకుంటోంది. అక్కడ కొవ్వొత్తి రుద్దితే ఆ కాలం గడిచిపోతుంది. చిత్రిక పట్టక తప్పదనుకుంటే సంక్రాంతి దాటాక, పొడి రోజుల్లో, చెరిగిన ఆ కాస్త చోటే పట్టించండి. రంగు లేని పచ్చి చెక్క బయటపడిన చోట ఆ రోజే రంగో, నూనో పూయించండి, మర్నాటికి వాయిదా వేయొద్దు.

ఇంకో చిన్న పరీక్ష. మీ ఫోన్ కెమెరాని కిటికీ రెక్క అడుగున పెట్టి ఒక ఫొటో తీయండి. పై అంచుకి కూడా అలాగే తీయండి. చాలా ఇళ్లలో ఆ రెండు అంచులకి రంగే ఉండదు. పెయింటర్లు కనబడే ముఖాలకి వేసి, కనబడనివి వదిలేస్తారు. చెక్క కొసల నుంచి నీళ్లు లోపలికి పోయినంత వేగంగా పక్కల నుంచి పోవు. ఏటా రెక్క ఉబ్బుతోందంటే నేను మొదట అనుమానించేది ఆ అంచులనే.

అపోహ: టేకుకి చెద పట్టదు.

వాస్తవం: టేకు చేవకి, అంటే దుంగ నడిమి ముదురు చెక్కకి, చాలావరకు పట్టదు. చేవ చుట్టూ ఉండే తెల్ల చెక్కని చెద శుభ్రంగా తింటుంది. ఇప్పుడు మార్కెట్లో దొరికే తక్కువ వయసు టేకులో ఆ తెల్ల చెక్క పాలు ఎక్కువ, అందుకే పాత చేవ చట్రాన్ని తీసేసి కొత్త టేకు పెట్టుకున్నవాళ్లు కొన్నేళ్లకే చెద అని నాకు ఫోన్ చేస్తుంటారు.

అపోహ: చెద కనిపిస్తే కిరసనాయిలో, బండి లోంచి తీసిన పాత ఇంజన్ ఆయిలో పూస్తే సరి.

వాస్తవం: కిరసనాయిలు తగిలిన పురుగులు చస్తాయి, అది ఆవిరైపోయాక మిగతావి వస్తాయి. పుట్ట నేలలో ఉంటుంది, రాణి అక్కడే ఉంటుంది. పైగా ఇంట్లో చెక్కకి కిరసనాయిలు పట్టించడమంటే నిప్పుతో చెలగాటం. పాత ఇంజన్ ఆయిల్ పూసిన చెక్క మీద మళ్లీ జన్మలో రంగు నిలవదు, జిగురు పట్టదు, దాని వాసన ఇంట్లోంచి పోదు. అది పూసిన రెక్కలు నా దగ్గరికి తెస్తే నేను చేయగలిగేది చాలా తక్కువ.

ముందు వచ్చింది చెదో, తొలిచే పురుగో తేల్చుకోండి. గోడ మీద, చట్రం పక్కన మట్టి గొట్టాలు పాకి ఉంటే చెద. గుండుసూది తలంత బెజ్జాలు, కింద మెత్తటి పిండి రాలి ఉంటే తొలిచే పురుగు, అది ఎక్కువగా తెల్ల చెక్కలోనే ఉంటుంది. చెద అయితే మట్టి గొట్టాన్ని ఒకచోట చిదిపి నాలుగు రోజులు ఆగి చూడండి. మళ్లీ కట్టుకుంటే దారి నడుస్తున్నట్టే. దానికి మందు నేలకీ, గోడ మొదట్లోకీ ఎక్కించాలి. అది తెలిసిన పెస్ట్ కంట్రోల్ వాళ్ల పని, ఇంట్లో మీరే కలిపి చల్లే మందు కాదు. చట్రం వెనక, గోడకి ఆనుకున్న ముఖం ఎప్పుడూ రంగు వేయని చెక్కే కాబట్టి లోపల డొల్ల అయినా ముందు నుంచి తెలియదు. వేలి కణుపుతో వరసగా తట్టుకుంటూ పొండి, చప్పుడు మారిన చోట ఆగండి.

అపోహ: రెండేళ్లకోసారి పాత రంగు మీదే కొత్త రంగు వేయిస్తే చెక్క భద్రం.

వాస్తవం: పది పొరలైన రంగు పెచ్చులా పగులుతుంది. పగులులోంచి దూరిన నీళ్లు ఆ పెచ్చు వెనక ఆరకుండా ఉండిపోతాయి. రెక్క మధ్య పలకల సంగతి ఇంకో రకం. వాటిని గాడిలో వదులుగా కూర్చోబెడతారు, ఉబ్బడానికి చోటు ఉండాలని. రంగు మందంగా దిగి పలక అంచు గాడికి అంటుకుపోతే, ఎండాకాలంలో పలక నడుమ చీలుతుంది. చీలిన పలకకి మేకు కొట్టారంటే పక్కన ఇంకో చీలిక వస్తుంది. సన్నటి బ్లేడుతో పలక చుట్టూ రంగుని కోసి విడిపించండి చాలు.

పాత రంగు గీకేటప్పుడు ఒక్క విషయం, దయచేసి తేలిగ్గా తీసుకోవద్దు. పాత రంగుల్లో సీసం ఉండేది. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90 పాళ్లు) దాటకూడదన్న కేంద్ర నిబంధనలు 2016లో వచ్చి, 2017 నవంబర్ నుంచి అమల్లో ఉన్నాయి. అంతకుముందు వేసిన ఏ రంగులోనైనా సీసం ఉందనుకునే పని చేయాలి. పొడిగా సాండ్ పేపర్ పట్టొద్దు, మెషిన్ అసలే వద్దు. తడుపుతూ గీకండి, మంచి మాస్క్ పెట్టుకోండి, కింద ప్లాస్టిక్ పట్టా పరిచి పెచ్చులన్నీ మూటగట్టండి, చీపురుతో ఊడ్చకుండా తడిగుడ్డతో తుడవండి. పని అయ్యేదాకా చిన్నపిల్లల్ని, కడుపుతో ఉన్నవాళ్లని ఆ గదిలోకి రానివ్వకండి. పాత రంగుని మంటతో కాల్చి తీస్తామనే పెయింటర్ వస్తే పంపించేయండి.

అపోహ: ఫ్రెంచ్ పాలిష్ పెడితే కిటికీ కొత్తదానిలా ఉంటుంది.

వాస్తవం: లోపలి బీరువాకి బాగుంటుంది. అది లక్కతో చేసేది, నీళ్లు తగిలితే తెల్ల మచ్చలు కడుతుంది, వాన తగిలే ముఖానికి పనికిరాదు. చెక్క రంగు కనబడాలనుకుంటే కాచిన అవిసె నూనె పల్చగా రెండు మూడు చేతులు పట్టించి, ఏడాదికోసారి మళ్లీ తుడవండి. నూనె తుడిచిన గుడ్డల్ని మాత్రం ఉండచుట్టి మూలన పడేయొద్దు. అవిసె నూనె ఆరుతూ వేడెక్కుతుంది, ఉండలా ఉన్న గుడ్డ దానంతట అదే అంటుకోవచ్చు. విప్పి ఆరుబయట తీగ మీద ఆరేయండి, లేదా నీళ్ల బకెట్‌లో ముంచి పెట్టండి.

అపోహ: చట్రానికీ గోడకీ మధ్య సందు వస్తే సిమెంటు కూరాలి.

వాస్తవం: సిమెంటు గట్టిది, చెక్క కదిలేది. ఏడాదిలోపే రెంటి మధ్య వెంట్రుక మందాన గీత పడుతుంది, అందులోంచి దూరిన నీళ్లు చెక్కనే పట్టుకుంటాయి. పాత ఇంటి గోడ సున్నంతో కట్టింది. ఆ సందులకి కూడా సున్నం, ఇసుకే మంచిది. అద్దాల చుట్టూ ఊడిన చోట చాక్ పొడి, అవిసె నూనె కలిపిన లప్పం చాలు. వెంటిలేటర్లలో ఉండే పాత రంగు అద్దాలు ఒకటి పగిలితే అదే రంగు దొరకడం కష్టం, కాబట్టి రెక్క ఊడదీసేటప్పుడు ముందు వాటినే జాగ్రత్త చేయండి.

అపోహ: అల్యూమినియం, యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) కిటికీలు పెట్టుకుంటే ఇక మెయింటెనెన్సే ఉండదు.

వాస్తవం: వాటికీ చక్రాలు అరుగుతాయి, రబ్బరు ఎండకి బిరుసెక్కుతుంది, జారే దారిలో దుమ్ము పేరుకుంటుంది. దుమ్ము, రోడ్డు చప్పుడు ఆగాలంటే మంచి యూపీవీసీ బాగా పనిచేస్తుంది, ఆ మాట కాదనను. జారే కిటికీ తెరిస్తే సగం మాత్రమే ఖాళీ అవుతుంది, రెక్కల కిటికీ మొత్తం తెరుచుకుంటుంది. మే నెలలో కరెంటు పోయిన రాత్రి ఆ తేడా తెలుస్తుంది.

మార్చక తప్పని కిటికీలూ ఉంటాయి. నిలువు చెక్క సగానికి పైగా డొల్ల అయినా, చట్రం నాలుగు మూలలూ వదిలేసినా అతుకు మీద డబ్బు పెట్టొద్దని నేనే చెబుతాను. అలాంటప్పుడు కూడా ఇత్తడి బందులు, గడియలు, కొక్కేలు, ఊచలు ఊడదీసి సంచిలో వేసి, ఏ గది కిటికీవో చీటీ రాసి ఉంచండి. ఇత్తడికి రంగు పట్టి ఉంటే వేడి సబ్బు నీళ్లలో రాత్రంతా నానబెడితే పొరలుగా ఊడుతుంది. రెక్కల్లో గట్టిగా ఉన్న పై చెక్కల్ని పొయ్యిలోకి పంపకుండా అటక మీద పెట్టండి. పక్క కిటికీకి ఎప్పుడైనా అతుకు పడితే, ఆ ఇంటి టేకు ముక్కనే కోసి వేయొచ్చు.