చెంచాకు చెంచా కుదరదు: తేనె కప్ కేకుల కెమిస్ట్రీ

పంచదార తీసేసి తేనె పోసి చేసిన కప్ కేకు మొదటిసారి ఎలా వస్తుందో చూడకుండానే చెప్పొచ్చు. పైన మాడు రంగు, నడుమ పచ్చి ముద్ద, అడుగున బంక. పది చెంచాల పంచదార ఉన్నచోట పది చెంచాల తేనె పోయడమే ఇందుకు కారణం. 15 మి.లీ. పట్టే పెద్ద చెంచాతో పంచదార కొలిస్తే 12 గ్రాముల పైచిలుకు తూగుతుంది. అదే చెంచాడు తేనె 21 గ్రాములు. అందులో మూడున్నర గ్రాములు నీళ్లు. దానికితోడు పులుపు. తీపి ఒక్కటే మార్చామనుకుంటాం గానీ పిండిలో నీళ్లూ ఆమ్లమూ కూడా చేరిపోతాయి.

తేనెలో దాదాపు 17 శాతం నీరు, 38 శాతం ఫ్రక్టోజ్, 31 శాతం గ్లూకోజ్ ఉంటాయి. మనం పంచదార అనే సుక్రోజ్ అందులో ఒక శాతం చుట్టుపక్కలే. తేనెటీగ కలిపే ఒక ఎంజైమ్ గ్లూకోజ్‌లో కొంత భాగాన్ని గ్లూకోనిక్ ఆమ్లంగా మారుస్తుంది కాబట్టి తేనె పీహెచ్ (పులుపును చూపే అంకె, 7 కంటే ఎంత తగ్గితే అంత ఆమ్లం) సాధారణంగా 4 దగ్గర ఉంటుంది. ఆ పులుపు నాలుకకు తెలియదు, తీపి కప్పేస్తుంది. వంటసోడాకు మాత్రం బాగా తెలుస్తుంది. తేనె కేకులో బేకింగ్ పౌడర్‌తో పాటు చిటికెడు సోడా పడాల్సింది అందుకే.

మరి పంచదార మొత్తం మానేయొచ్చా? మానొద్దు. వెన్నను పంచదారతో కలిపి గిలక్కొట్టినప్పుడు పలుకుల అంచులు వెన్నను గీరుతూ సన్నటి గాలి బుడగలను అందులో ఇరికిస్తాయి. సోడా, బేకింగ్ పౌడర్ కొత్త బుడగలు పుట్టించవు, ఉన్న బుడగలనే ఉబ్బిస్తాయి. తేనెకు పలుకులు లేవు కాబట్టి ఎంతసేపు గిలక్కొట్టినా ఆ పని జరగదు. ఒక వంతు పంచదార, రెండు వంతుల తేనె అన్నది మా లెక్కలో సరైన పాళ్లు. రుచి తేనెదే, గుల్లదనం పంచదారది.

12 కప్పులకు మైదా 180 గ్రాములు, ఉప్పు లేని వెన్న 115, పంచదార 60, తేనె 120, గుడ్లు రెండు, చిలికిన పెరుగు 100 గ్రాములు తీసుకోండి. బేకింగ్ పౌడర్ ఒక చిన్న చెంచా, వంటసోడా పావు చెంచా, ఉప్పు పావు చెంచా. తేనెను గిన్నెలోనే తూచుకోండి, చెంచాకు అంటుకుపోయేది తక్కువేమీ కాదు. వెన్న వేలితో నొక్కితే గుంట పడేంత మెత్తగా ఉండాలి గానీ జారకూడదు, అంటే 18 నుంచి 20 డిగ్రీలు. వెన్న, పంచదార తెల్లబడే దాకా నాలుగైదు నిమిషాలు గిలక్కొట్టి, అప్పుడు తేనెను సన్నటి ధారగా పోయండి. గుడ్లు ఒక్కొక్కటిగా కలపండి. చల్లటి గుడ్డు వేస్తే వెన్న గడ్డకట్టి మిశ్రమం విరిగినట్టు కనిపిస్తుంది. ఒక చెంచా మైదా వేస్తే సర్దుకుంటుంది, కంగారు అక్కర్లేదు. మిగతా పొడులు జల్లించి, పెరుగుతో మార్చి మార్చి కలిపి, పిండి తెలుపు కనబడటం ఆగగానే చెయ్యి ఆపేయండి. ఇంకా తిప్పితే గ్లూటెన్ అనే మైదాలోని జిగురు ప్రొటీన్ సాగి, కోసినప్పుడు లోపల సొరంగాలు కనిపిస్తాయి. ఒక్కో కప్పులో 55 గ్రాములు, అంటే మూడింట రెండు వంతులు నింపితే చాలు.

అవెన్ 165 డిగ్రీలకు మించొద్దు. పంచదార కేకుకు అలవాటైన 180 ఇక్కడ పనికిరాదు. ఫ్రక్టోజ్ 110 డిగ్రీల దగ్గరే కరిగి రంగు తిరగడం మొదలెడుతుంది, సుక్రోజ్‌కు 160 దాటాలి. పైగా ఫ్రక్టోజ్, గ్లూకోజ్ రెండూ గుడ్డు, పెరుగుల్లోని ప్రొటీన్లతో నేరుగా చర్య జరిపి గోధుమ రంగు తెస్తాయి. బ్రెడ్డు పెచ్చుకు రంగూ వాసనా ఇచ్చే చర్య ఇదే. సుక్రోజ్ విడిపోతే తప్ప ఆ చర్యలో దిగలేదు. అందువల్ల తేనె కేకును రంగు చూసి దించకండి. 18 నిమిషాలకు పుల్ల గుచ్చి చూడండి, తడి పిండి అంటకపోతే అయినట్టే. దించిన అయిదు నిమిషాలకు ట్రేలోంచి తీసేయాలి. లేదంటే ఆవిరి అడుగున నీరై కాగితం ఊడిపోతుంది.

వేడికి తేనె సువాసన చాలావరకు ఆవిరైపోతుంది. అంచేత ఖరీదైన పూల తేనెను పిండిలో పోయడం దండగ. అక్కడ ముదురు రంగు ఘాటు తేనె వాడి, మంచి తేనెను చివరికి దాచుకోండి. రెండు చెంచాల తేనెలో ఒక చెంచా గోరువెచ్చని నీళ్లు కలిపి, కేకులు వెచ్చగా ఉండగానే బ్రష్‌తో పైన పూస్తే ఆ వాసన అలాగే నిలుస్తుంది. ఫ్రక్టోజ్ తేమను వదలదు కాబట్టి ఈ కేకులు మర్నాటికి ఇంకా మెత్తబడతాయి. క్రీమ్ కూడా మర్నాడే పెట్టుకోవడం మేలు.

ఏడాది నిండని పసిపిల్లలకు మాత్రం వీటిని పెట్టకూడదు. తేనెలో బాట్యులిజం అనే ప్రమాదకరమైన విషవ్యాధి కలిగించే బాక్టీరియా స్పోర్లు, అంటే వేడికి తట్టుకునే బీజాలు, ఉండొచ్చు. అవి చావాలంటే ప్రెషర్‌లో అందే 121 డిగ్రీల వేడి కావాలి. అవెన్ 165 చూపించినా, తడి ఉన్నంతసేపు కేకు నడిబొడ్డు 100 డిగ్రీలు దాటదు.

ఇక పైన పెట్టే క్రీమ్. మెత్తటి వెన్న 150 గ్రాములు, ఐసింగ్ షుగర్ 200, తేనె 40. తేనె ఇంతకు మించితే నాజిల్‌తో తీసిన మడతలు కూలిపోతాయి, ఎందుకంటే వెన్నలో ముందే 16 శాతం నీరుంది. సీసాలో పేరుకుపోయిన తేనె పాడైందని కొందరు పారబోస్తారు గానీ, క్రీముకు అసలు అదే మేలు. పేరుకున్నది గ్లూకోజ్. ఆ పలుకులు సన్నగా ఉన్నంతవరకు క్రీముకు బిగువు ఇస్తాయి. గరగరలాడేంత ముతకగా ఉంటే సీసాను 40 డిగ్రీల నీళ్లలో ఉంచి కరిగించండి. క్రీము జారిపోతుంటే గిన్నెతో సహా ఫ్రిజ్‌లో పావుగంట పెట్టి మళ్లీ గిలక్కొట్టండి. ముక్కలుగా విరిగితే చల్లదనం ఎక్కువైనట్టు, గిన్నె అడుగుకు వెచ్చటి గుడ్డ చుట్టి తిప్పితే కలుస్తుంది.

కేకుల పైన అలంకరణగా పెట్టే తేనెపట్టు గళ్ల బిళ్లలకు వైట్ చాక్లెట్ కావాలి. ఆహారానికి వాడదగిన బుడగల షీటును (బబుల్ ర్యాప్) కడిగి పూర్తిగా ఆరబెట్టి, కరిగించిన చాక్లెట్‌ను దాని మీద రెండు మిల్లీమీటర్ల మందాన పరవండి. గట్టిపడ్డాక ఒలిస్తే గుంటల గళ్లు వస్తాయి. గుండ్రటి బుడగలే అయినా ఒక్కోదాని చుట్టూ ఆరు ఉంటాయి కాబట్టి కంటికి పట్టులాగే కనబడుతుంది. ఒక తలాన్ని సమాన వైశాల్యం గల గదులుగా విడగొట్టాలంటే అతి తక్కువ గోడ పట్టేది షడ్భుజికేనని గణిత శాస్త్రవేత్త థామస్ హేల్స్ 1999లో నిరూపించాడు. తేనెటీగలు నిరూపణ కోసం ఆగలేదు లెండి. ఈ చాక్లెట్‌లో రుచి కోసమని తేనె చుక్క వేయకండి. అందులోని కాస్త నీటికే పంచదార రేణువులు ఒకదానికొకటి అంటుకుని మొత్తం ఇసుక ముద్దలా బిగుసుకుపోతుంది. రంగు కూడా నూనెలో కరిగేదే వాడాలి.

కరకరలాడే గుల్ల టాఫీ పెట్టాలంటే పంచదార 200 గ్రాములు, తేనె 60, నీళ్లు 45 మి.లీ. లోతైన గిన్నెలో 150 డిగ్రీల దాకా కాచండి. తేనెలోని గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లు అడ్డుపడి పాకం మళ్లీ పలుకు కట్టకుండా చూస్తాయి. 145 దాటాక కళ్లు తిప్పొద్దు, మాడటానికి క్షణాలు చాలు. దించి ఒకటిన్నర చిన్న చెంచాల జల్లించిన వంటసోడా వేసి, నాలుగైదు సార్లు కలిపి, వెంటనే కాగితం మీదికి వంచండి. వేడికి సోడా విడిపోయి వదిలే కార్బన్ డయాక్సైడ్ పాకంలో చిక్కుకుని, చల్లారేసరికి బుడగలు అలాగే గడ్డకడతాయి. ఎక్కువ కలిపితే గాలి పోయి పలకలా అవుతుంది, సోడా ఎక్కువైతే సబ్బు రుచి వస్తుంది. ఈ టాఫీ గాలిలో తేమను లాక్కుని గంటల్లోనే బంక అవుతుంది, క్రీములో గుచ్చితే ఇంకా త్వరగా. ముక్కల అడుగును కరిగించిన చాక్లెట్‌లో ముంచి, ఆరనిచ్చి, వడ్డించే ముందు గుచ్చండి.